పసుపు చొక్కా పద్యం: టీకా తాత్పర్య సహితం

తే.గీ.
మూడు మూలల పలకయు, ముడిచినట్టి
కట్టుగుడ్డల పెట్టెయు, కనులు చెదరు
పసుపు చొక్కయు లేకయే పరులనేల
కారు నడిపెడివానికిఁ గలుగు చిక్కు!

ప్రతిపదార్థం: మూడు మూలల పలకయున్ = ఎర్రగా మెరిసే ముక్కోణపు హెచ్చరిక పలకయును; ముడిచినట్టి = మడతపెట్టి ప్లాస్టిక్ కవర్లలో బిగించినట్టి; కట్టుగుడ్డల పెట్టెయున్ = ఫస్ట్ ఎయిడ్ బాక్సును; కనులు చెదరు = ఎదుటివాడు కళ్లు చికిలించునట్టి; పసుపు చొక్కయున్ = మెరుపు పట్టీల జాకెట్టును; లేకయే = వెంట లేకనే (ఈ పదంపై పెద్ద వివాదం ఉంది, కింద చూడుడు); పరులనేల = జర్మనీయందు; కారు నడిపెడివానికిన్ = వారాంతానికి అద్దెకారు తీసిన మన తెలుగు కుర్రవాడికి; కలుగు చిక్కు = యూరోలు వదులును.

టీక: పరాయి దేశాలు అన్నేసి ఉండగా జర్మనీయే ఎందుకని శంక. ఈ మూడింటినీ కలిపి అడిగే శాస్త్రం అక్కడ స్పష్టంగా ఉంది. పలకకూ చొక్కాకూ వాహన నిబంధనల్లో 53ఎ, పెట్టెకు 35హెచ్. పలక లేకపోతే 15 యూరోలు, చొక్కా లేకపోయినా 15. పెట్టె లేకపోతే నడిపేవాడికి 5 యూరోలే. ప్రాణం నిలిపే పెట్టె అన్నిటికన్నా చవకైపోవడం శాస్త్రకారుల చమత్కారం కాబోలు. చొక్కా తప్పనిసరి అయినది 2014 జూలై 1న. అంతకు ముందు రాసి ఉంటే కవికి మూడో పాదం దొరికేది కాదు.

పలక సంగతి. డబ్బాలోంచి తీసి, రెండు ఎర్రటి రెక్కలూ విప్పి, పైకొసలు కలిపి నొక్కితే టక్కుమని పట్టుకుంటుంది. అడుగున ఇనప కాళ్లు అడ్డంగా తిప్పాలి, లేకుంటే పక్కన పోయే లారీ గాలికే బోర్లా పడుతుంది. ఎంత దూరాన పెట్టాలి? బండ్లు వేగంగా పోయేచోట సుమారు 100 మీటర్లని రోడ్డు నిబంధనల్లో 15వ సూత్రం. ఆటోబాన్ మీద 150కి తగ్గవద్దని డ్రైవింగ్ గురువుల వృత్తి. టేపు పట్టుకుని కొలిచేదెవరు? అందుకూ ఉపాయముంది. అక్కడ రోడ్డు వారన నల్లపట్టీ ఉన్న తెల్లటి పొట్టి గుంజలు మామూలుగా 50 మీటర్లకొకటి పాతి ఉంటాయి. మూడు గుంజలు లెక్కపెడితే చాలు. విప్పిన పలకను ఒంటికి ముందు పట్టుకుని, రెయిలింగుకు అవతలి పక్కనుంచి నడవాలి. మనవైపు హైవేలో లారీ ఆగిపోతే క్లీనరు చెట్టుకొమ్మ విరిచి, నాలుగు రాళ్లు పేరుస్తాడు. భావం అదే. కాకపోతే లారీ కదిలి వెళ్లిపోయాక ఆ రాళ్లు మాత్రం రోడ్డు మధ్యనే ఉండిపోతాయి.

పెట్టె సంగతి. "స్వామీ, మందుల పెట్టె అనక కట్టుగుడ్డల పెట్టె అననేల? యతి కోసమా?" అని శిష్యుడు. యతికీ సరిపోయింది, సత్యానికీ సరిపోయింది నాయనా. అందులో మందే లేదు. జ్వరం బిళ్ల లేదు, అమృతాంజనం లేదు. కట్లు, ప్లాస్టర్లు, కత్తెర, చేతితొడుగులు, ఒంట్లో వేడి పోకుండా కప్పే తళతళలాడే రేకు దుప్పటి, అంతే. ఏమేమి ఉండాలో డిన్ 13164 అనే ప్రమాణం చెబుతుంది. 2022 సవరణలో రెండు ముక్కోణపు గుడ్డల్లో ఒకటి తీసేసి రెండు మాస్కులు చేర్చారు. ఇది కరోనా కాలపు ప్రక్షిప్తమని గ్రహించునది.

ఇక చొక్కా. దీని మహిమ ఫ్రాన్సులో చూడాలి. 2008లో అక్కడ తప్పనిసరి చేసినప్పుడు ప్రచారానికి ఫ్యాషన్ మహామహుడు కార్ల్ లాగర్‌ఫెల్డ్ తన నల్లసూటు మీద దీన్నే తొడుక్కుని పోస్టరుకెక్కాడు. దాని కురూపాన్ని ఒప్పుకుంటూనే, ప్రాణం కాపాడుతుందని సిఫారసు చేశాడు. పదేళ్ల తర్వాత, 2018 నవంబరులో, ఇంధనం పన్ను మీద మండిపడి జనం రోడ్డెక్కినప్పుడు ఇదే చొక్కా ఉద్యమానికి జెండా అయింది. ప్రతి కారులోనూ ఒకటి సిద్ధంగా ఉంది మరి!

ఇప్పుడు ఆ వివాదాస్పద పదం, "లేకయే". డిక్కీలో ఉంటే ఉన్నట్టేనని డిక్కీవాదులు. ఆ చొక్కా కోసం దిగి, వెనక్కి నడిచి, డిక్కీ తెరిచి, పెట్టెల కింద వెతికేదాకా మనిషి రోడ్డు మీద చొక్కా లేకుండానే ఉన్నాడు కదా అని అరవాదులు, అంటే తలుపు అరలో పెట్టాలనేవారు. ఫ్రెంచి చట్టం సైతం చొక్కా లోపలే ఉండాలంటుంది. మేము అరవాదులతో ఏకీభవిస్తున్నాము. జర్మన్ శాస్త్రం కారుకు ఒక్క చొక్కాతోనే తృప్తిపడుతుంది. కారులో ఐదుగురుంటే అది ఎవరు తొడుక్కోవాలన్నది శాస్త్రం చెప్పలేదు. తలకొకటి కొనడమే మేలు.

పాఠాంతరాలు: స్పెయిన్‌వారు మొదటి పాదాన్నే కొట్టేశారు. పలక పెట్టడానికి వెళ్లినవాళ్లే బండ్ల కింద పడుతున్నారని, 2026 జనవరి 1 నుంచి వి-16 అనే దీపం పెట్టుకోమన్నారు. కిటికీలోంచి చెయ్యి చాపి కారు నెత్తిన అంటిస్తే చాలు, బండి ఎక్కడ ఆగిందో అదే కబురు పంపుతుంది. బ్రిటన్‌లో కార్లకు ఈ మూడూ తప్పనిసరి కావు. అక్కడి మోటార్‌వే మీద పలక అసలు పెట్టవద్దంటారు. మంచు టైర్ల ప్రసక్తి మూలంలో లేదు గనుక వ్యాఖ్యాత బాధ్యుడు కాడు.

తాత్పర్యం: అద్దెకారు తాళాలు తీసుకునే ముందు డిక్కీ తెరిపించి మూడూ ఉన్నాయో లేదో చూసుకోండి, పోలీసులు ఆపితే అడిగేది స్టీరింగు పట్టుకున్నవాణ్ణే. పలక, పెట్టె అక్కడే ఉండనివ్వండి. చొక్కాను మాత్రం తీసి డ్రైవరు తలుపు అరలో పెట్టుకోండి. బండి ఆగితే తొడుక్కున్నాకే దిగండి.