అన్నీ ఫోన్లోనే ఉన్నాయట!

మా రోజుల్లో జగిత్యాల నుంచి బొంబాయి మీదుగా సౌదీలోని దమ్మాంలో దిగినవాడికి కష్టమొస్తే భారత ఎంబసీ ఉన్నది రియాద్‌లో. మధ్యలో దాదాపు 400 కిలోమీటర్ల ఎడారి. ఊరు దాటాలంటే కఫీల్, అంటే మమ్మల్ని పనికి రప్పించుకున్న యజమాని, ఇచ్చిన కాగితం చేతిలో ఉండాలి. ఎవడి మీద ఫిర్యాదుకు పోతున్నామో వాడే పోనివ్వాలన్నమాట! పోనీ వాడు ఇచ్చినా, మాకు సెలవు శుక్రవారం. ఎంబసీ ఆఫీసుకూ శుక్రవారమే సెలవు.

అయినా మా ఏర్పాట్లు మాకుండేవి. పాస్‌పోర్టు ఎలాగూ కంపెనీ బీరువాలో పడి ఉంటుంది. అందుకని రేకు పెట్టె మూత లోపల, దేవుడి పటం కింద బాల్‌పెన్నుతో రాసుకునేవాళ్లం: పాస్‌పోర్టు నంబరు, ఎంబసీ ఫోన్ నంబరు. ఎవరికైనా జీతం ఆగితే ఇంగ్లీషు వచ్చిన మలయాళీ భాయిని బతిమాలి అర్జీ రాయించి, రియాద్ పోయే లారీ డ్రైవరు చేతికిచ్చేవాళ్లం. మొదట పేరు, తర్వాత పాస్‌పోర్టు నంబరు, ఆ తర్వాత కఫీల్ పేరు, క్యాంపు ఎక్కడో ఆ గుర్తులు. ఏడుపంతా వాటి కిందే.

ఇప్పుడు ఎన్ని సౌకర్యాలు! 2015 నుంచి మన విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్ ఉంది. ఫిర్యాదు పెడితే ఒక నంబరు వస్తుంది, అది ఎక్కడిదాకా కదిలిందో ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు. 2009లో ఎంబసీల్లో పెట్టిన సంక్షేమ నిధి నుంచి చేతిలో పైసా లేనివాడికి టికెట్ ఇప్పిస్తారు, దిక్కులేని శవాన్ని ఇంటికి పంపిస్తారు. పాస్‌పోర్టు లేనివాడికి ఇల్లు చేరడానికి ఎంబసీ ఇచ్చే కాగితం, ఔట్‌పాస్, ఉండనే ఉంది. దుబాయ్‌లో కార్మికుల కోసమే సహాయ కేంద్రం నడుస్తోంది.

మరి మన పోరగాళ్లు చేసేదేమిటి? కష్టం రాగానే సెల్ఫీ వీడియో! “అన్నా, నన్ను కాపాడండి” అని ఒకటే ఏడుపు. కంపెనీ పేరుండదు, పాస్‌పోర్టు నంబరుండదు, ఉన్న ఊరు కూడా చెప్పడు. వెనకాల విషాద సంగీతం మాత్రం మర్చిపోడు. జిల్లా మొత్తం వాట్సాప్‌లో చూసి కళ్లు తుడుచుకుంటుంది. వెతకాల్సిన ఆఫీసరు మాత్రం ఆ వీడియో పట్టుకుని ఎక్కడని వెతుకుతాడు? ఇంకొకడు షార్జాలో ఉండి అబుదాబి ఎంబసీకి ఫోన్ మీద ఫోన్ కొడతాడు. షార్జావాళ్ల సంగతి చూసేది దుబాయ్ కాన్సులేట్ అని పోయేముందు కనుక్కుంటే ఏం పోయింది?

“అన్నీ ఫోన్లో ఉన్నాయి తాతా” అంటాడు మా మనవడు. పోలీసులు పట్టుకుంటే ముందు లాక్కునేది ఆ ఫోనేరా నాయనా! 1963 నాటి వియన్నా ఒప్పందంలో 36వ అధికరణం అని ఒకటుంది. పరాయి దేశంలో పట్టుబడినవాడు “మా కాన్సులేట్‌కు కబురు చెయ్యండి” అంటే ఆలస్యం లేకుండా చెయ్యాలి. అయితే నోరు తెరిచి అడగాలి. రీల్స్‌లో డైలాగులు వందొచ్చినవాడికి ఈ ఒక్క మాట అరబ్బీలో రాదు.

నన్నడిగితే, పాస్‌పోర్టు నంబరూ కాన్సులేట్ నంబరూ చూడకుండా అప్పజెప్పలేనివాణ్ని శంషాబాద్‌లో విమానం ఎక్కనివ్వకూడదు. నన్నెవరు అడుగుతారు లెండి!