పండక్కి లేవని కారు

కారు బ్యాటరీ రెండు రకాలుగా చస్తుంది. పని చేసీ చేసీ అరిగి చావడం ఒకటి, పనే లేక చావడం రెండోది. ట్యాక్సీ బ్యాటరీది మొదటి చావు. కోనసీమలో మేడ ముందు, కొబ్బరిచెట్లకి ఎడంగా, కవరు కప్పుకుని నిలబడి ఉండే కారు బ్యాటరీది రెండోది. యజమాని హైదరాబాదులోనో, కువైట్‌లోనో, డల్లాస్‌లోనో ఉంటాడు. అమ్మానాన్నలకి ఆసుపత్రికి వెళ్లడానికి పనికొస్తుందని కొనిపెడతాడు. వాళ్లు ఆసుపత్రికి ఆటోలో వెళ్లొస్తారు, కారుని మాత్రం కంటికి రెప్పలా చూసుకుంటారు.

కాయ రాలితే ముందు అద్దం పగులుతుంది, మట్ట పడితే టాపు సొట్టపోతుంది. అందుకని కొబ్బరి దింపు ఉన్న రోజున నలుగురూ కలిసి కారుని వీధిలోకి నెట్టి, సాయంత్రం మళ్లీ లోపలికి నెడతారు. నెడతారంతే, స్టార్ట్ చెయ్యరు. జాగ్రత్తంతా పైనుంచి పడేవాటి గురించే. బానెట్ కింద ఏం జరుగుతోందో ఎవరికీ పట్టదు.

తాళం తీసేసినా కారు పూర్తిగా పడుకోదు. గడియారం, అలారం, రిమోటు కోసం కనిపెట్టుకుని ఉండే పెట్టె, ఇంజిను కంప్యూటరు జ్ఞాపకం, ఇవన్నీ కలిసి 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్ల దాకా లాగుతూనే ఉంటాయి. 50 వేసుకుంటే రోజుకి 1.2 ఆంపియర్ అవర్లు. చిన్న కార్లలో ఉండేది 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ. నెల తిరిగేలోగా ఖాళీ. వేడికి బ్యాటరీ తనంతట తాను దిగిపోవడం దీనికి అదనం. గోదావరి జిల్లాల ఎండల గురించి చెప్పక్కర్లేదు. సంక్రాంతికి తిప్పిన కారు ఉగాదికి లేవకపోతే అది కంపెనీ మోసమూ కాదు, ఎదురింటివాళ్ల దిష్టీ కాదు. గుణకారం.

దిగిన బ్యాటరీని వెంటనే చార్జింగు పెడితే కోలుకుంటుంది. దిగినదాన్ని నెలల తరబడి అలాగే వదిలేస్తే లోపల సీసం పలకల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడి పలుకులు కడుతుంది. ఆ తరవాత చార్జింగు ఎక్కదు. ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే 1859లో సీసం పలకల్ని గంధకామ్లంలో ముంచి ఈ జాతికి మూలపురుషుణ్ణి తయారుచేసిన నాటి నుంచీ ఈ గుణం వంశపారంపర్యంగా వస్తోంది. 1912లో అమెరికాలో చార్లెస్ కెటరింగ్ పుణ్యమా అని క్యాడిలాక్ కార్లకి కరెంటు స్టార్టరు వచ్చింది. అంతకుముందు బండి ముందు నిలబడి హ్యాండిల్ తిప్పేవారు. మన అంబాసిడర్‌కి ఆ వీలు చాలాకాలం ఉండేది. ఇప్పటి కార్లకి హ్యాండిల్ లేదు. బ్యాటరీ పోతే దిక్కు జనమే.

జబ్బు బయటపడేది సాధారణంగా కనుమ నాడు. మొసలపల్లి జగ్గన్నతోటలో ప్రభల తీర్థం ఆ రోజే. పట్టుచీరలు కట్టుకుని, పిల్లల్ని తయారుచేసి ఇల్లంతా గుమ్మంలోకి వస్తుంది. కనుమ నాడు కాకైనా కదలదంటారు. ఆ శాస్త్రాన్ని ఇంట్లో పాటించేది కారొక్కటే. మొదట రిమోటు పనిచెయ్యదు, తలుపు తెరుచుకోదు. రిమోటు పొట్టలో అసలు తాళంచెవి ఒకటి దాగి ఉంటుందని యజమానికి తెలీదు, తొమ్మిదో తరగతి చదివే మేనల్లుడికి తెలుసు. తలుపు తీసి సెల్ఫ్ కొడితే టక్‌టక్‌టక్ మంటుంది, మీటర్ల దీపాలు మిణుకుమంటాయి. స్టార్టరుకి వంద ఆంపియర్ల పైమాటే కావాలి. బ్యాటరీలో ఉన్నది ఆ టక్‌టక్‌లకే సరిపోతుంది. ఇంజిను ఆపి ఉన్నప్పుడు మల్టీమీటరు పెడితే నిండు బ్యాటరీ 12.6 వోల్టులు చూపించాలి. 12.2 అంటే సగం. 12 దిగితే ఆశ వదులుకోవచ్చు. మీటరు లేని చోట ఇంకో పరీక్ష ఉంది. హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టాలి. లైట్లు ఆరిపోయేలా మసకబారితే తప్పు బ్యాటరీది, లేదా దాని కనెక్షన్లది. లైట్లు దేదీప్యమానంగా వెలుగుతూ ఒకే ఒక్క టక్కు వినిపిస్తే అనుమానం స్టార్టరు మీదికి పోతుంది.

ఈ పరీక్ష ముగిసేలోగా వీధి సగం అక్కడుంటుంది.

“ఏమండీ బావగారూ, సెల్ఫ్ తీసుకోవట్లేదాండీ?”

“ఆయ్, లేదండి.”

“బ్యాటరీ దిగిపోయిందండి బాబూ. తోసేద్దాం రండి.”

వచ్చినవాళ్లలో టెర్మినళ్ల వైపు చూసేవాడు ఒక్కడుంటే ఆ ఊరు అదృష్టం చేసుకున్నట్టే. బానెట్ ఎత్తగానే టెర్మినల్ మీద తెల్లగా, పచ్చగా, అక్కడక్కడ నీలంగా పొడి పేరుకుని ఉంటుంది. బ్యాటరీ ఆవిరి సీసాన్నీ రాగినీ తిన్న ఆనవాలది. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలి తగిలే ఇళ్లలో ఇంకాస్త ఒత్తుగా కడుతుంది. ముందు నెగెటివ్, తరవాత పాజిటివ్ విప్పాలి. తిరగేసి విప్పబోయి పానా బాడీకి తగిలితే నిప్పులు కురుస్తాయి. వేణ్నీళ్లలో వంటసోడా కలిపి పోస్తే పొడి బుసబుసా పొంగి కరిగిపోతుంది. ఆరాక క్లాంపు బిగించి, పైన వాజలీన్ పూస్తే సరి. కొన్ని కార్లు ఇంతటితోనే లేస్తాయి. అలా లేస్తే గుంపుకి కొంచెం నిరాశే.

లేవకపోతే తోపుడు. గేరు మార్చుకునే కారుని రెండో గేరులో పెట్టి, క్లచ్ తొక్కి ఉంచి, వేగం అందుకోగానే వదిలితే చక్రాలే ఇంజిన్ని తిప్పుతాయి. ఆటోమేటిక్ కారుకి ఈ వైద్యం పారదు. పెట్రోలు పంపుకీ కంప్యూటరుకీ కూడా కరెంటు కావాలి గనక, బ్యాటరీ బొత్తిగా చచ్చిన కారు ఎంత తోసినా లేవదు. అంతకన్నా పెద్ద చిక్కు భూగోళానిది. డెల్టా అంటే పీటలా చదునైన నేల. బ్యాటరీ మీద నమ్మకం తగ్గినవాడు కారుని పల్లానికి ముఖం పెట్టి ఆపుకోవాలంటే ఏటిగట్టు ఎక్కాలి, లేదా వంతెన ఎప్రోచ్ వెతుక్కోవాలి. చదును రోడ్డుకి ఒక పక్క పంటకాలువ, ఇంకో పక్క చేను. ఇంజిను తిరగనప్పుడు బ్రేకూ స్టీరింగూ రాయిలా బిగుసుకుంటాయి. ఈ సంగతి తోసేవాళ్లకి తెలీదు. లోపల కూర్చున్నవాడికి కాలువ మలుపు దగ్గర తెలుస్తుంది.

ఇంకో కారు నుంచి జంపర్ కేబుళ్లతో కరెంటు ఎరువు తెచ్చుకోవడం మేలైన దారి. ఎర్ర కేబులు ముందు చచ్చిన బ్యాటరీ పాజిటివ్‌కి, రెండో కొస మంచి బ్యాటరీ పాజిటివ్‌కి. నల్ల కేబులు మంచి బ్యాటరీ నెగెటివ్‌కి, చివరి కొస చచ్చిన కారు ఇంజిను మీద రంగులేని ఇనుముకి. ఆ చివరిది బ్యాటరీకే తగిలిస్తే, అక్కడ హైడ్రోజన్ వాయువు ఉండి, రవ్వ పుడితే పేలవచ్చు. మంచి కారుని కాసేపు తిప్పి ఉంచి, తరవాత సెల్ఫ్ కొట్టాలి. విప్పడం ఎదురు వరసలో.

ఇక్కడ ఉదారబుద్ధి ప్రమాదకరం. అంబాజీపేట మార్కెట్టుకి కాయలు తోలే లారీవాడు ఆగి “నా బ్యాటరీ తీసుకోండి” అంటాడు. లారీలో రెండు బ్యాటరీలు వరసగా కలిసి 24 వోల్టులిస్తాయి. కారు కంప్యూటరు 12కే పుట్టింది. ఇంకో పెద్దమనిషి ఇన్వర్టర్ బ్యాటరీ మోయించుకొస్తాడు. అది 12 వోల్టులదే, కానీ దాని తీరు వేరు. కారు బ్యాటరీ పందెం కోడి, ఉన్న సత్తువంతా రెండు మూడు సెకన్లలో చూపిస్తుంది. ఇన్వర్టర్‌ది అరక దున్నే ఎద్దు, గంటలకొద్దీ నింపాదిగా లాగుతుంది. అవసరానికి ఎద్దు చేతా పందెం ఆడించొచ్చు, కానీ దాన్ని మోసుకొచ్చిన నలుగురి నడుముల సంగతి ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

ఈ హడావిడి నడుమ బయటూరి కారైతే భోజనం తప్పదు. డొక్కా సీతమ్మ అన్నపూర్ణగా పేరు పొందిన సీమ ఇది. గన్నవరం అక్విడక్టుకి ఆవిడ పేరే పెట్టారు. కారు ఆగిపోయినవాడికి ముందు విస్తరి వేస్తారు, తరవాతే మెకానిక్‌కి ఫోను చేస్తారు. మెకానిక్ కూడా పండగ భోజనంలోనే ఉంటాడు గనక ఇందులో నష్టం లేదు.

లేచిన కారుని వెంటనే ఆపకూడదు. ఆల్టర్నేటరు 14 వోల్టుల చుట్టుపక్కల ఇస్తూ బ్యాటరీని నింపుతుంది, కానీ వీధి చివరిదాకా వెళ్లొస్తే సెల్ఫ్‌కి ఖర్చయింది కూడా తిరిగి రాదు. అమలాపురంలో బయల్దేరితే రాజోలు దాకా పోవడం నయం. అయినా పూర్తిగా నిండాలంటే చార్జరు మీద గంటలు పడుతుంది. మళ్లీ ఊరు వదిలి వెళ్లేటప్పుడు నెగెటివ్ టెర్మినల్ విప్పి పెట్టడం ఖర్చులేని మందు.

చార్జింగు నిలవకపోతే కొత్తది కొనాలి. తిరుపతిలో గల్లా రామచంద్రనాయుడు 1985లో మొదలుపెట్టిన అమరరాజా వల్ల ఈ సరుకు మన రాష్ట్రంలోనే తయారవుతోంది. మూడు నుంచి ఐదేళ్లు వస్తుంది, ఎండ దేశంలో మూడుకి దగ్గరగా. పాత బ్యాటరీ ఇచ్చేస్తే కొత్తదాని ధరలో తగ్గిస్తారు. లోపలి సీసం కరిగించి మళ్లీ వాడతారు, కాబట్టి దాన్ని పశువుల పాకలో దాచుకోవడం దండగ. కొత్తది బిగించాక గడియారం చాలా కార్లలో 12:00 దగ్గర మొదలవుతుంది, రేడియో స్టేషన్లు చెరిగిపోతాయి. సరిచేసే పద్ధతి కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. పుస్తకం డల్లాస్‌లో ఉంటుంది.