చిటికెడు ఇంగువతో సహా

విశాఖపట్నంలో సాయంకాలం విందుకు పలహారాలు ఖాయం చేయడం ఒకప్పుడు పనే కాదు. మిరపకాయ బజ్జీ, ఉల్లి పకోడీ, జంతికలు, ఒక స్వీటు, చివర కాఫీ. ఉక్కునగరం క్వార్టర్స్‌లో బెంగాలీ, ఒడియా, మలయాళీ కుటుంబాలు కలిసినా బజ్జీ పళ్లెం దగ్గర భేదాభిప్రాయం ఉండేది కాదు. ఇప్పుడు ఒకరికి వేరుశనగ, ఒకరికి పాలు, ఒకరికి గోధుమ, ఒకరికి రొయ్య పడవు. ఈ సంగతి విందు నాటి మధ్యాహ్నం, పప్పు రుబ్బడం అయ్యాక, వాట్సాప్‌లో విడతలవారీగా నవ్వు బొమ్మతో సహా తెలుస్తుంది.

అతిథులు ప్రకటించే ఎలర్జీలన్నీ ఒక్క రకం కావు. పాలలోని చక్కెర అరగక కడుపు ఉబ్బరించడం ఇబ్బంది మాత్రమే. పాల ప్రోటీన్‌ను శరీరం శత్రువుగా పొరబడడం ఎలర్జీ. అలాంటివారు నెయ్యి విషయంలో కూడా జాగ్రత్తగా ఉండాలి. మూడో రకంవారికి ఉప్మా అంటే ఎలర్జీ, అదే రవ్వతో కేసరి చేస్తే గుణం కనిపిస్తుంది. మొదటి రెండు రకాలవారి మాట ఎవరూ నమ్మకపోవడానికి కారణం ఈ మూడోవారే.

వేరుశనగ పడనివారికి ఆర్కే బీచ్ మురీ మిక్చర్‌లోంచి పల్లీలు ఏరి ఇస్తే సరిపోదు, పొడి మురీలకు అంటుకునే ఉంటుంది. పల్లీలు తీసేసి పలాస జీడిపప్పు వేస్తే జీడిపప్పు పడనివారు లేస్తారు. వారిలో చాలామందికి పిస్తా కూడా పడదు. గోధుమ పాలు, నెయ్యి, జీడిపప్పుతో చేసే మాడుగుల హల్వా ఒక్క ముక్కతో ముగ్గురిని లేపేస్తుంది.

రొయ్యల్లో పేచీ పెట్టేది ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్. ఎంత వేయించినా అది లొంగదు. సముద్రాహార ఎగుమతుల్లో విశాఖ రేవు దేశంలో ముందువరసలో ఉంది. అమెరికా వెళ్లే పెట్టె మీద అది రొయ్య అని రాసి ఉంటుంది. ఊళ్లో మాత్రం బీరకాయ కూరలో ఎండు రొయ్యలు చెప్పాపెట్టకుండా దూరతాయి. రొయ్యల పకోడీ వేగిన నూనెలో వేస్తే ఆలూ బజ్జీ కూడా జలచరమే.

గోధుమ దగ్గర సమోసా, మైసూరు బజ్జీ ఆపితే చాలనిపిస్తుంది. చాలదు, ఇంగువ ఉంది. ఇంగువ అఫ్గానిస్థాన్, ఇరాన్, ఉజ్బెకిస్థాన్ కొండల్లో పెరిగే ఒక మొక్క వేరు నుంచి కారే జిగురు. ఇంత ఇంగువ తినే దేశం దాన్ని పూర్తిగా దిగుమతి చేసుకునేది. 2020 అక్టోబరులో పాలంపూర్ సీఎస్ఐఆర్ సంస్థ శాస్త్రజ్ఞులు హిమాచల్‌లోని లాహౌల్ లోయలో మొక్కలు నాటించారు. మొక్క చేతికి రావడానికి ఐదేళ్లు పడుతుంది, అన్నాళ్లు పులిహోర ఆగదు. ముడి ఇంగువ ఘాటు భరించలేనిది కాబట్టి అందులో జిగురు, పిండి కలిపి డబ్బాలకెక్కిస్తారు. కొన్నిటిలో అది బియ్యప్పిండి, చాలావాటిలో గోధుమపిండి లేదా మైదా. ఆ విధంగా కాబూల్ సరుకు గాజువాక పోపులో పడేసరికి గోధుమ వేషంలో ఉంటుంది. పప్పుచెక్కల్లోకి, చేగోడీల్లోకి, చివరకు మజ్జిగలోకి కూడా చేరుతుంది. చిటికెడు ఇంగువకు ఇంత చర్చ దేనికని కొందరు అనుకోవచ్చు. గోధుమ పడని మేనల్లుడున్న ఇంట్లో అనుకోరు.

ప్యాకెట్ల సంగతి మరొకటి. గ్లూటెన్ ధాన్యాలు, రొయ్య-పీత జాతి, పాలు, గుడ్లు, చేపలు, వేరుశనగ-గింజపప్పులు, సోయా, సల్ఫైట్లు ఉంటే లేబుల్ మీద చెప్పాలని మన 2020 నిబంధనలు. ఆ పట్టికలో నువ్వులు లేవు. అమెరికాలో 2023 జనవరి 1 నుంచి నువ్వులూ చేరాయి. జంతికల దేశంలో అవి నిరపరాధులు. మన శనగపిండి పేరు కూడా లేదు. విడిగా తూచి ఇచ్చే మిక్చర్‌లో ఏముందని అడిగితే, ‘‘అన్నీ మంచివే వేశాం సార్’’ అని జవాబు వస్తుంది.

ఈ గొణుగుడంతా పిలిచినవారిది. పిలుపందుకున్న ఇంట్లో ఎలర్జీ ఉన్న పిల్లవాడు కేకు కోసే వేళ చేతులు వెనక్కి పెట్టుకోవడం అక్షరాలకన్నా ముందే నేర్చుకుంటాడు. తల్లి సంచిలోంచి వాడి డబ్బా తీస్తూ, ‘‘వీడు తినేసే వచ్చాడు పిన్నీ’’ అంటుంది. ‘‘కొంచెం తింటే ఏం కాదులేవే’’ అన్న మాట ప్రతి గడపలోనూ వింటుంది. అది ప్రేమతో అన్నది కనుక ఆమెకు ఎదురు చెప్పడం చేతకాదు.

పిలిచేటప్పుడే ఎవరికేది పడదో అడగాలి. పడనివారి వంట కొత్త నూనెలో, వేరే గరిటెతో, అన్నిటికన్నా ముందు చేయాలి. ఉడికించిన తేగలు, మొక్కజొన్న పొత్తులు, జామకాయలు చాలామందికి పడతాయి. అవి కూడా అడిగే పెట్టాలి. తిన్నాక పెదాలు వాచినా, ఊపిరి ఆడకపోయినా నిమ్మరసం, వాము వంటి చిట్కాలతో కాలయాపన చేయకుండా 108కి ఫోన్ చేయాలి.