మా రోజుల్లో టీమ్‌ను పెంచేవాళ్ళం

మా రోజుల్లో పోకీమాన్ టీమ్‌ను పెంచేవాళ్ళం. ఇప్పటి పిల్లలు కోడ్ కొట్టి తెచ్చుకుంటున్నారు. ఎక్కడో ఎవరో టోర్నమెంట్ గెలుస్తారు. ఆ రాత్రికే ఆ టీమ్ యూట్యూబ్‌లోకి ఎక్కుతుంది, కింద ఆరక్షరాల రెంటల్ కోడ్ ఉంటుంది. దాన్ని గేమ్‌లో కొడితే చాలు, ఆరు పోకీమాన్లూ తయారై వచ్చి నిలబడతాయి. తెల్లారేసరికి ఆన్‌లైన్ ర్యాంకుల పోటీలో ఎటు చూసినా అదే టీమ్. ఓడిపోతే ‘ఈ టీమ్ బాలేదు’ అని తేల్చేసి ఇంకో కోడ్ వెతుక్కుంటారు. అది చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఈ ఆటను వయసులో ఉన్నప్పటి నుంచీ ప్రేమించినవాణ్ణి కాబట్టే మండుతుంది.

ఆట తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పాలి. 1996 ఫిబ్రవరి 27న జపాన్‌లో నింటెండో గేమ్‌బాయ్ మీద రెడ్, గ్రీన్ అనే జంట గేమ్‌లతో పోకీమాన్ మొదలైంది. అప్పటి జీవులు 151. ఇప్పుడు 1025. అధికారిక టోర్నమెంట్‌లో ఒక్కొక్కరు ఆరేసి పోకీమాన్లతో వస్తారు. ఎదుటివాళ్ళ ఆరింటినీ చూసి తమవాటిలో నాలుగింటిని ఎంచుకుంటారు. రెండేసి చొప్పున బరిలోకి దిగుతాయి. అన్నిటినీ 50వ లెవెల్‌కి సమం చేస్తారు. ఒక్కోదానికి నాలుగు మూవ్‌లు, ఒక ఎబిలిటీ, చేతిలో ఒక వస్తువు. ఒకే టీమ్‌లో రెండింటికి ఒకే వస్తువు ఇవ్వకూడదు. వెయ్యికి పైగా జీవుల్లోంచి ఆరింటిని ఏరి, ఒకదాని బలహీనతను ఇంకొకటి కాసేలా కూర్చడమే టీమ్ కట్టడం. పోరాటంలో సగం అక్కడే అయిపోతుంది.

మా తరం అసలు చదువు 2002లో వచ్చిన రూబీ, సఫైర్‌తో మొదలైంది. జంట పోరాటాలు అప్పుడే వచ్చాయి, ఎబిలిటీలు అప్పుడే వచ్చాయి, 25 రకాల నేచర్లూ అప్పుడే వచ్చాయి. చాలా నేచర్లు దాడి, వేగం లాంటి ఒక గుణాన్ని పదోవంతు పెంచి ఇంకోదాన్ని పదోవంతు తగ్గిస్తాయి. దాంతోపాటు ప్రతి జీవికీ పుట్టుకతో వచ్చే ఐవీలు ఉంటాయి, ఆరు గుణాలకూ 0 నుంచి 31 దాకా. ఆపైన సాధనతో వచ్చే ఈవీలు, మొత్తం 510కి మించకూడదు. ఆరు ఐవీలూ 31 పడిన జీవి అడవిలో ఊరికే దొరకాలంటే నూట ఏడు కోట్లలో ఒకటికి దొరుకుతుంది. అందుకే గుడ్లు పొదిగించేవాళ్ళం. తల్లిదండ్రుల ఐవీల్లో మూడే పిల్లకు దిగేవి, అవీ ఏవి దిగుతాయో తెలియదు. రూబీలో నేచర్‌ను మన ఇష్టానికి దించే దారి లేనే లేదు. గుడ్లు దొరికే డేకేర్ ముందున్న 117వ రూట్‌లో సైకిల్ మీద అటూ ఇటూ తిరుగుతూ గుడ్డు తర్వాత గుడ్డు పగలగొట్టించేవాళ్ళం.

ఆ తర్వాత ఈవీల పని. వేగం కావాలంటే జుబాట్ అనే అడవి జీవుల్ని ఓడించాలి, ఒక్కో జుబాట్‌కి ఒక పాయింటు. రక్షణ కావాలంటే జియోడ్యూడ్‌లు. చేతికి మాచో బ్రేస్ తొడిగితే పాయింట్లు రెట్టింపు, అయినా వేగం నిండాలంటే 126 పోరాటాలు. గేమ్ ఆ లెక్క మనకు చూపించదు. నోట్‌బుక్కులో గీతలు గీసుకుంటూ మనమే లెక్కపెట్టాలి. మధ్యలో వేరే జీవి ఎదురై పొరపాటున దాన్ని కొడితే లెక్క చెడుతుంది. రూబీలో పడ్డ పాయింటు వెనక్కి రాదు. ఈవీలు తగ్గించే బెర్రీలు 2004లో ఎమరాల్డ్‌తో గానీ రాలేదు. అంతా నిండిందో లేదో తెలియాలంటే స్లేట్‌పోర్ట్ బజారులో ఒకావిడ ఉండేది, 510 పూర్తయితే రిబ్బన్ ఇచ్చేది. ఆ రిబ్బన్ అందిన రోజు మాకు పండగే.

ఆ చాకిరీతో ఏమొచ్చిందని అడుగుతారు. ప్రతి అంకె వెనకా ఉన్న కారణం బుర్రలోకి ఎక్కింది. అంత కష్టపడి పెట్టే పాయింట్లను గుడ్డిగా ఎవరు పెడతారు? పెట్టేముందు కూర్చుని లెక్కలు వేసేవాళ్ళం. గార్చాంప్‌కి వేగం మూలసంఖ్య (జాతిని బట్టి వచ్చే అసలు అంకె) 102. వేగం పెంచే జాలీ నేచర్‌తో, నిండా ఈవీలతో 50వ లెవెల్‌లో అది 169 అవుతుంది. సాలమెన్స్, చారిజార్డ్‌ల మూలసంఖ్య 100. వాటికి ఎంత పోసినా 167 దాటదు. ఆ రెండు పాయింట్ల తేడాతో గార్చాంప్ ముందు కొడుతుంది, సాలమెన్స్ డ్రాగన్ దెబ్బ తిని పడిపోతుంది. మరి ఎదురయ్యే టీమ్‌లలో ఆ వేగంతో పరిగెత్తేది ఏదీ లేకపోతే? అప్పుడు ఆ పాయింట్లు వేగానికి దండగ, ప్రాణానికి పెట్టుకోవాలి. ఎన్ని తీసి ఎక్కడ పెడితే ఏ దెబ్బకు బతుకుతామో కాగితం మీద తేల్చుకున్నాకే జుబాట్ల వేటకు వెళ్ళేవాళ్ళం.

2006లో డైమండ్, పెర్ల్ వచ్చినప్పుడు ఆట తలకిందులైంది. అప్పటిదాకా దెబ్బ భౌతికమా, స్పెషలా అన్నది దాని టైప్‌ను బట్టి ఉండేది. నీటి మూవ్‌లన్నీ స్పెషల్. పాపం గ్యారడోస్‌కి దాడి మూలసంఖ్య 125 ఉన్నా, నీటి దెబ్బ కొడితే 60 ఉన్న స్పెషల్ దాడే లెక్కలోకి వచ్చేది. డైమండ్ నుంచి ప్రతి మూవ్‌కీ విడిగా నిర్ణయించారు. వాటర్‌ఫాల్ అనే నీటి మూవ్ భౌతికమైంది, గ్యారడోస్ ఒక్కరోజులో రాక్షసి అయింది. మేం నోట్‌బుక్కులు చించేసి మళ్ళీ మొదటి నుంచి రాసుకున్నాం. ఎందుకు మారిందో తెలుసు కాబట్టి కొత్త టీమ్ ఎలా ఉండాలో కూడా మాకే తెలిసింది. ఎవరి కోడ్ కోసమూ ఎదురుచూడలేదు.

ఆన్‌లైన్ పోరాటం కూడా డైమండ్‌తోనే మా చేతికి వచ్చింది. అదీ తేలిగ్గా కాదు. నింటెండో డీఎస్‌కి పాతకాలపు డబ్ల్యూఈపీ భద్రత ఒక్కటే అర్థమయ్యేది. దానికోసం ఇంట్లో రౌటర్‌కి మంచి తాళం తీసి పాత తాళం వేయాల్సి వచ్చేది. స్నేహితులతో ఆడాలంటే పన్నెండంకెల ఫ్రెండ్ కోడ్ ఇచ్చిపుచ్చుకోవాలి. ఈ ఆటలన్నీ నడిపిన నింటెండో వై-ఫై సేవను 2014 మే 20న మూసేశారు. అంత తంటాలుపడి కలిసిన మనిషితో ఒక ఆట ఆడి పోయేవాళ్ళం కాదు. ఓడినవాడు ‘నీ మెటాగ్రాస్ నా దెబ్బకు ఎలా బతికింది?’ అని అడిగేవాడు, గెలిచినవాడు విప్పి చెప్పేవాడు. మా విద్య అలా చేయి మారుతూ పెరిగింది.

ఇప్పుడు సౌకర్యాలు ఎన్నో. 2013లో ఎక్స్, వై నుంచి డెస్టినీ నాట్ కట్టి పొదిగిస్తే అయిదు ఐవీలు దిగుతున్నాయి. ఈవీల లెక్క తెర మీదే కనిపిస్తోంది. 2016లో సన్, మూన్‌తో హైపర్ ట్రైనింగ్ వచ్చింది. బాటిల్ క్యాప్ ఇస్తే ఐవీ 31తో సమానమవుతుంది. 2019లో స్వోర్డ్, షీల్డ్‌తో మింట్‌లు వచ్చాయి, ఆకు తినిపిస్తే నేచర్ ఫలితం మారుతుంది. 26 విటమిన్లు కొని పోస్తే ఒక గుణం నిండిపోతుంది. జుబాట్ల వంక చూడక్కర్లేదు. ఇక పోకీమాన్ షోడౌన్ అయితే 2011 నుంచీ బ్రౌజర్‌లోనే ఉచితంగా నడుస్తోంది. ఆరు పేర్లు, మూవ్‌లు, అంకెలు టైప్ చేస్తే ఆ నిమిషమే పోరాటం. కాకినాడలో ఫోన్ పట్టుకున్న పిల్లాడు గేమ్ కొనకుండానే ఒసాకా వాడితో తలపడొచ్చు.

వీటిలో ఏదీ తీసేయమని నేను అనను. చదువుకునే పిల్లలకు, ఉద్యోగాలు చేసేవాళ్ళకు గుడ్లు పొదిగించే తీరిక ఎక్కడిది? తీరిక ఉన్నవాడే గెలవాలనడం అన్యాయం. పైగా ఆ చాకిరీ తప్పించుకోవడానికి దొంగ పరికరాలతో పోకీమాన్లను సృష్టించుకునేవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు. 2023లో యోకొహామాలో జరిగిన ప్రపంచ పోటీలో అలాంటి పోకీమాన్లతో దొరికి కొందరు అనర్హులయ్యారు. చాకిరీ తగ్గితే దొంగతనానికి సాకు తగ్గుతుంది. కాబట్టి చాకిరీ పోయిందని నేను ఏడవట్లేదు. చాకిరీతో పాటు ఆలోచన కూడా పోవడమే నా బాధ. చేతికి పని తగ్గింది కదా, మిగిలిన సమయమంతా బుర్రకు ఇవ్వాలి. ఇవ్వట్లేదు.

మా మేనల్లుడు ఆన్‌లైన్ పోటీలకు వెళ్తుంటాడు. వాడి టీమ్ చూసి, ‘ఈ గార్చాంప్‌కి వేగంలో ఇన్ని పాయింట్లు ఎందుకురా?’ అని అడిగాను. ‘అందరూ అంతే పెడతారు మామయ్యా’ అన్నాడు. ‘ఎవరిని దాటడానికి?’ అన్నాను. చెప్పలేకపోయాడు. ‘ఈ ఇన్సినెరోర్ ఎందుకు?’ అన్నాను. ‘వాడకంలో పైనుంది కదా’ అన్నాడు. ఇన్సినెరోర్ గొప్పదే, నేనూ ఒప్పుకుంటాను. బరిలోకి దిగగానే ఇంటిమిడేట్‌తో ఎదుటి ఇద్దరి దాడినీ తగ్గిస్తుంది, ఫేక్ అవుట్‌తో ఒకరిని ఆ టర్న్‌కి కదలనివ్వదు, పార్టింగ్ షాట్‌తో బలం తగ్గించి తను తప్పుకుంటుంది. కానీ అది దేన్ని కాపాడడానికి వచ్చిందో తెలియనివాడి చేతిలో అది ఉండీ లేనట్టే. పొరుగింటి ఆవకాయ జాడీ తెచ్చుకుని మనింటి పేరు రాసుకుంటే, ఆవపిండి పాళ్ళు మనకు తెలిసినట్టా?

టీమ్ కట్టడం అంటే ఏమిటో చూడాలనుకునేవాళ్ళు 2014 ప్రపంచ పోటీ చూడాలి. వాషింగ్టన్ డీసీలో జరిగింది. దక్షిణ కొరియా ఆటగాడు సె జున్ పార్క్ పచిరిసు అనే కరెంటు ఉడతతో వచ్చాడు. దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకునేవాళ్ళు కాదు. ఎదుటివాళ్ళ దెబ్బలను తనవైపు లాక్కునే పనికి ఆ రోజుల్లో చాలామంది అమూంగస్‌ను పెట్టేవాళ్ళు, దాని రేజ్ పౌడర్‌తో. కానీ 2013 నుంచి గడ్డి టైప్ వాటి మీద పౌడర్ పనిచేయదు. పచిరిసు దగ్గరున్న ఫాలో మీకి ఆ అడ్డు లేదు. అతని టీమ్‌కి ఆయువుపట్టు గ్యారడోస్. దానికి కరెంటంటే ప్రాణగండం. పచిరిసుకి వోల్ట్ అబ్సార్బ్ ఉంది, కరెంటు తగిలితే దానికి ప్రాణం పెరుగుతుంది. అంటే గ్యారడోస్ మీదికి వచ్చే పిడుగును ఉడత తనవైపు లాక్కుని బలం పుంజుకుంటుంది. ఒక్కో ముక్కకూ ఒక్కో కారణం. అతను ప్రపంచ విజేత అయ్యాడు. వాడకం పట్టికలు చూసి టీమ్ కట్టేవాడికి పచిరిసు జన్మలో కనిపించదు. తన గ్యారడోస్‌కి ఏం కావాలో కూర్చుని ఆలోచించినవాడికే కనిపిస్తుంది.

ఇంకో ఫిర్యాదు కూడా ఉంది. 2022లో వచ్చిన స్కార్లెట్, వయొలెట్ కాలం నుంచి పెద్ద టోర్నమెంట్లలో టీమ్ చీటీలు తెరిచే ఆడుతున్నారు. ఎదుటివాడి మూవ్‌లు, వస్తువులు, ఎబిలిటీలు, ఆట మధ్యలో మార్చుకునే టెరా టైప్ అన్నీ ఆటకు ముందే మన చేతిలో ఉంటాయి. గూఢచారులున్నవాడికీ లేనివాడికీ తేడా ఉండకూడదని చేశారు, ఆ ఉద్దేశం మంచిదే. కానీ మా రోజుల్లో మొదటి రెండు టర్న్‌ల దెబ్బల్ని బట్టి వాడి చేతిలో ఏ వస్తువుందో పసిగట్టడం పెద్ద విద్య. ఇంత దెబ్బ తగిలిందంటే ఛాయిస్ బ్యాండ్ ఉండాలి, ఇంత వేగంగా కదిలిందంటే స్కార్ఫ్ ఉండాలి అని లెక్కకట్టేవాళ్ళం. ఆ విద్య ఇప్పుడు ఎక్కువగా అంకెల్లోనే మిగిలింది. ఈవీలు చీటీలో ఉండవు. అందుకే చెబుతున్నాను, ఎదుటివాడికి తెలియకుండా మీ చేతిలో మిగిలిన ఆయుధాల్లో అదొకటి. దాన్నీ ఊరందరిలా పెట్టుకుంటే మీరు దాచుకున్నది ఏముంటుంది?

పోరాటాల కోసమే పోకీమాన్ ఛాంపియన్స్ అనే గేమ్‌ను 2025 ఫిబ్రవరిలో ప్రకటించారు, స్విచ్‌తో పాటు ఫోన్ల మీద కూడా ఆడేలా. దాంతో ఈ పోటీలోకి వచ్చే పిల్లలు ఇంకా పెరుగుతారు. రావాలి. మన తెలుగు పిల్లలు ఇంకా ఎక్కువగా రావాలి. లెక్కలంటే భయపడని పిల్లలు మన ఇళ్ళలో బోలెడంతమంది ఉన్నారు, ఇది లెక్కల ఆటే.

వాళ్ళకు ఈ పాతకాపు చెప్పేది ఒక్కటే. కోడ్ తెచ్చుకుని పది ఆటలు ఆడండి, తప్పులేదు, నేర్చుకోవడానికి అదొక దారి. ఆ తర్వాత దాన్ని పక్కన పెట్టండి. మీకు నచ్చిన ఒక్క జీవిని తీసుకుని, దానికి ఏది గండమో రాసుకుని, ఆ గండం కాసే రెండోదాన్ని వెతకండి. అలా ఆరు దాకా వెళ్ళండి. ప్రతి మూవ్‌కీ, ప్రతి వస్తువుకీ, ప్రతి నాలుగు ఈవీలకూ ఎదురుగా ‘ఎందుకు’ అని ఒక వాక్యం రాయండి. రాయలేకపోయిన చోట మార్చండి. ఆ టీమ్‌తో మొదట్లో ఓడిపోతారు. ఓడినా ఎక్కడ తప్పిందో మీకు తెలుస్తుంది, మరుసటి ఆటకు అక్కడే దిద్దుకుంటారు. అరువు టీమ్‌తో వంద గెలిచినా ఆ తెలివి రాదు.