గుంతలుంటేనే కదిలే కారు

హైదరాబాద్‌లో పాత కారు ఏది అమ్మకానికొచ్చినా అది నిజాం చుట్టాలదే అయి ఉంటుంది. నిజాం కుటుంబం ఎంత పెద్దదైనా, అన్ని కార్లెక్కి తిరిగే తీరిక వాళ్ళకు ఉండి ఉంటుందని నేననుకోను. మా బావ అనుకున్నాడు. సింగరేణిలో రిటైరైనప్పుడు చేతికొచ్చిన సొమ్ములో అక్కకు చెప్పిన భాగం బ్యాంకుకు, చెప్పని భాగం ఒక పాత బంగళా వెనక షెడ్డుకు పోయింది. ఆ షెడ్డులోంచి 1952 నాటి ఎంజీ టీడీ ఒకటి వచ్చి కరీంనగర్‌లో దిగింది.

రెండే సీట్లు. గుడ్డ కప్పు. లోపల చెక్క చట్రం, పైన రేకు. తలుపులు వెనక అంచు మీద తిరుగుతాయి కాబట్టి ఎక్కేటప్పుడు మనిషి ముందు తికమకపడి, తర్వాత కూలబడతాడు. టవర్ సర్కిల్ దగ్గర ఆపితే చాలు, గుంపు చేరేది. ముందున్న ఎనిమిది మూలల బిళ్ళ చూసి, "ఎంజీనా? హెక్టార్‌ది పాత మోడలా సార్?" అని అడిగేవాళ్ళు. పాపం, వాళ్ళు చూసిన ఎంజీ 2019లో గుజరాత్‌లోని హాలోల్ నుంచి వచ్చినదే కదా. అసలు ఎంజీ అంటే ఆక్స్‌ఫర్డ్‌లోని మోరిస్ గ్యారేజెస్. అక్కడ మేనేజరుగా ఉన్న సిసిల్ కింబర్ 1920లలో మామూలు మోరిస్ కార్లకు సోకు చేసి స్పోర్ట్స్ కార్లుగా మార్చాడు. టీడీ మోడల్ 1953 దాకా తయారైంది. దాదాపు ముప్ఫై వేల కార్లు చేస్తే ఎక్కువ భాగం అమెరికాకే పోయాయి. 1250 సీసీ ఇంజను, 54 గుర్రాల బలం. మా ఇంటి పెళ్ళినాడు అందులో ఎన్ని గుర్రాలు హాజరయ్యాయో తర్వాత చెప్తాను.

50 ఏళ్ళు దాటిన బండిని వింటేజ్ కింద రిజిస్టర్ చేసుకోవచ్చని 2021లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. 20,000 రూపాయలు కడితే నంబరులో 'వీఏ' అక్షరాలతో ప్లేటు ఇస్తారు. అలాంటి బండిని రోజువారీ పనులకు తిప్పకూడదు. ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలు పోయించడానికో, రిపేరుకో మాత్రం తీయొచ్చు. మా బావ ఈ నిబంధన చదవకముందు నుంచే కారు దాన్ని పాటిస్తోంది. ఎప్పుడు బయటికొచ్చినా రిపేరుకే వచ్చేది.

రిపేరు ఎప్పుడూ ఒక్కచోటే. పెట్రోల్ పంపు.

ఈ కారుకు ట్యాంకు వీపున ఉంటుంది, ఇంజను ముందుంటుంది. అంత దూరం నుంచి పెట్రోలు లాగాలి. మన మెకానిక్కులు ఫియట్ లాంటి బండ్లలో చూసింది మెకానికల్ పంపు. ఇంజను తిరుగుతుంటే దాని లోపలి క్యాము తన్నితే ఆడుతుంది, కరెంటుతో దానికి పని లేదు. టీడీలో ఉన్నది ఎస్‌యూ కరెంటు పంపు. ఇంజనుకూ డ్రైవరుకూ మధ్యనున్న రేకు గోడకు బిగించి ఉంటుంది. తాళం తిప్పగానే అందులోని తీగచుట్టకు కరెంటొచ్చి అయస్కాంతమై, ఒక పలుచటి పొరను లాగుతుంది. పెట్రోలు లోపలికొస్తుంది. పొర చివరిదాకా రాగానే పాయింట్లు విడిపోతాయి, కరెంటు ఆగుతుంది, స్ప్రింగు పొరను వెనక్కి నెట్టి పెట్రోలును కార్బురేటరుకు పంపుతుంది. మళ్ళీ పాయింట్లు కలుస్తాయి. ఇదంతా జరుగుతుంటే బయటికి వినబడేది టిక్ టిక్ టిక్. కార్బురేటరు గిన్నె నిండితే ఎదురు ఒత్తిడికి పొర కదలక శబ్దం ఆగిపోతుంది.

అంటే ఈ పంపు రోగం చెవితో కనుక్కోవచ్చు. ఆగకుండా గబగబా కొట్టుకుంటోందంటే ట్యాంకు ఖాళీ, లేదా పైపులో గాలి. ఇంజను ఆగి ఉన్నా తాళం తిప్పి ఉంచితే అప్పుడొకటి ఇప్పుడొకటి టిక్కుమంటోందంటే లోపలెక్కడో వాల్వు కారుతోంది. తాళం తిప్పినా మౌనంగా ఉందంటే పాయింట్లకు మసి పట్టిందో, కరెంటు రావడం లేదో, ఎర్తు లేదో. మౌనానికి ప్రపంచమంతా ఎంజీ యజమానులు చేసే ప్రథమ చికిత్స ఒకటే. పానా తీసుకుని పంపు నెత్తిన ఒక్కటివ్వడం.

ఎస్‌యూ అంటే స్కిన్నర్స్ యూనియన్. ఆ స్కిన్నర్లది ఇంగ్లండులో బూట్ల వ్యాపారం చేసిన కుటుంబం. వాళ్ళ తొలి కార్బురేటర్లలో తోలు తిత్తి ఉండేదంటే ఆశ్చర్యమేముంది? కారులోని మిగతా కరెంటు సామాను బర్మింగ్‌హామ్‌కు చెందిన లూకాస్ వాళ్ళది. పాత ఇంగ్లిషు కార్లు నడిపేవాళ్ళు ఆ కంపెనీ స్థాపకుడికి ముద్దుగా చీకటి రాకుమారుడని బిరుదిచ్చారు. ఆ సంస్థే 1961లో టీవీఎస్ వాళ్ళతో కలిసి మద్రాసు పాడిలో ఫ్యాక్టరీ పెట్టింది, మన తరం బండ్లు చాలావరకు వాళ్ళ సెల్ఫుతోనే స్టార్టయ్యాయి. కాబట్టి ఆ బిరుదు మీద నేను సంతకం చేయను. పైగా మా కారు విషయంలో వాళ్ళకు ఏ పాపమూ తెలియదు.

కరీంనగర్‌లో అసలు చిక్కు పంపుది కాదు, హద్దులది. మెకానిక్ దగ్గరికి పోతే బానెట్ ఎత్తి చూసి, "ఇంజన్ వరకైతె నాది. వైరొచ్చిందంటె నాది గాదు. ఎలక్ట్రీషియన్‌కు చూపెట్టుండ్రి" అన్నాడు. ఎలక్ట్రీషియన్ దగ్గరికి పోతే, "లైట్లు, హారను, సెల్ఫు, డైనమో గివి నావి. పెట్రోల్ పారేటిది నేను ముట్ట. మంట లేస్తె జిమ్మేదారెవరు?" అన్నాడు. ఇద్దరి షెడ్లూ పక్కపక్కనే. మధ్యలో గోడ. బావ ఆ గోడకు కారును ఆనించి పెట్టి, ఇద్దరికీ కనబడేలా చాయ్ తెప్పించి, చివరికి ఎలక్ట్రీషియన్‌నే ఒప్పించాడు.

అతను బ్యాటరీ చూసి ఉలిక్కిపడ్డాడు. "సార్, ఎవడో ఉల్టా కట్టిండు! ప్లస్సు బాడీకిచ్చిండు!" అంటూ పానా తీశాడు. బావ బ్యాటరీకి అడ్డం పడ్డాడు. ఆనాటి ఇంగ్లిషు కార్లలో చాలావాటికి ప్లస్సే బాడీకి ఎర్తు. తిప్పి కడితే పాయింట్ల పంపుకేం కాదు కానీ, డైనమోకు మళ్ళీ అక్షరాభ్యాసం చేయాలి. సరే, పంపుకు కరెంటిచ్చే తెల్ల వైరేదని వెతికితే తెల్ల వైరే లేదు. గుడ్డ చుట్టిన వైర్లు అన్నీ డెబ్బై ఏళ్ళలో చుట్ట రంగుకొచ్చేశాయి. చివరికి టెస్ట్ ల్యాంపు ఒక కొన పంపు కరెంటు మేకుకు ఆనించి, రెండో కొన ఇంజనుకు తగిలించాడు. బల్బు వెలిగింది. "కరెంటు ఫస్టు క్లాసున్నది. పంపే ఖరాబు" అని తీర్పిచ్చాడు.

టెస్ట్ ల్యాంపు పెళ్ళికొచ్చిన దూరపు చుట్టం వంటిది. గ్లాసెడు మంచినీళ్ళిచ్చినా మర్యాదలు ఘనంగా జరిగాయని వెలిగిపోతుంది. పంపు పెండ్లికొడుకు మేనమామ. దానికి పీటా, పట్టుబట్టా, రెండోసారి వడ్డనా అన్నీ జరగాలి. చిన్న బల్బుకు కావలసిన కరెంటు కంటే పంపు లాగేది ఎన్నో రెట్లు. దారిలో తుప్పో మట్టో ఉంటే బల్బు వెలుగుతూనే ఉంటుంది, పంపు మాత్రం అలుగుతుంది. ఇది మాకు ఆదిలాబాద్ పోయాక తెలిసింది.

పంపు విప్పారు. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది, పాత రబ్బరుకు అది పడదు. కాబట్టి పొర మార్చారు. పాయింట్లు రుద్దారు. పంపు బల్ల మీద బ్రహ్మాండంగా కొట్టుకుంది. కారుకు బిగిస్తే ఓసారి కొట్టుకుంది, ఓసారి మౌనవ్రతం.

ఇంతలో మా మేనల్లుడి పెళ్ళి ఖాయమైంది. పిల్లది ఆదిలాబాద్. బరాత్ ఈ కారులోనే జరగాలని బావ పట్టు. అది రోజువారీ పని కాదు, ప్రదర్శనే అని చట్టం చదివి వినిపించాడు. "డీసీఎంల ఏసుకపోదాం బావా" అన్నాను. "పెండ్లికి పొయ్యే కారు ఇంకో బండెక్కుతదా? పరువేం గావాలె?" అన్నాడు. పెళ్ళిబృందమంతా వెనకాల తుఫాన్ బండిలో. ముందు కారులో బావ, పక్కన నేను, నా ఒళ్ళో పానా.

కొండగట్టు అంజన్న దగ్గర ఆగి పూజ చేయించాం. 2023 జనవరిలో పవన్ కల్యాణ్ తన వారాహి ప్రచార వాహనానికి పూజ చేయించింది అక్కడే. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు నలిగాయి. జగిత్యాల, ధర్మపురి దాటేదాకా పంపు అంజన్న మాట విన్నది. రాయపట్నం వంతెన నడిమధ్యలో ఆగింది. కింద గోదావరి. పాత లెక్కన కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల హద్దు అదే. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాక ఇటు జగిత్యాల, అటు మంచిర్యాల. మా పంపు అలవాటు ప్రకారం ఎవరిదీ కాని చోటు చూసుకుంది. దిగాను. ఈ కారు బానెట్ పక్క నుంచి రెక్కలా లేస్తుంది. రెక్క ఎత్తి పంపుకొకటిచ్చాను. టిక్ టిక్ టిక్. తుఫాన్‌లోంచి అక్క కేకేసింది: "ఆయనకు గూడ ఒకటియ్యి, బుద్ధన్న వస్తది!"

లక్సెట్టిపేట, దండేపల్లి దాటాక నాకొక విచిత్రం కనిపించింది. రోడ్డు నున్నగా ఉన్నచోట కారు దగ్గుతోంది. గుంతలు రాగానే హుషారుగా ఉరుకుతోంది. జన్నారం దగ్గర కవ్వాల్ అడవి. పులుల అభయారణ్యంలో ఆగితే దిగి పంపును కొట్టాల్సింది నేనే కాబట్టి, ఆ రోడ్డు మీదున్న ప్రతి గుంతకూ మనసులో దండం పెట్టాను. బావ కూడా కనిపెట్టి, గుంతలు తప్పించడం మానేసి వెతుక్కుంటూ పోసాగాడు. ఎదురుగా వచ్చే ఆర్టీసీ డ్రైవరు మమ్మల్ని చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఉట్నూరు దాకా తిరుగులేదు. గుడిహత్నూర్‌లో నాగపూర్ హైవే ఎక్కాం. అద్దంలాంటి నాలుగు వరుసల రోడ్డు. అక్కడి నుంచి ఆదిలాబాద్ దాకా నేను కారులో కూర్చున్నదానికంటే పక్కన నిలబడ్డదే ఎక్కువ. గుంతలు పూడ్చాలని ధర్నాలు చేసినవాళ్ళను చూశాను కానీ, వేయాలని అడగాలనిపించిన వాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను.

మార్గశిరంలో ఆదిలాబాద్ చలి సంగతి తెలుగువాళ్ళకు చెప్పనక్కరలేదు. కప్పు మడిచేసిన కారులో సూటు వేసుకుని కూర్చున్న మేనల్లుడి పళ్ళు పంపు కంటే గట్టిగా కొట్టుకుంటున్నాయి. విడిది నుంచి ఫంక్షన్ హాలుకు కొత్తగా వేసిన సీసీ రోడ్డు. అంత నున్నటి రోడ్డు చూసి నా గుండె జారింది. అనుకున్నట్టే పదడుగులు పోయి కారు ఆగింది. కానీ ఎవరికీ తెలియలేదు! బరాత్ నడిచే వేగానికి ఇంజనెందుకు? డీజే తీన్మార్ కొడుతుంటే పెళ్ళికొడుకు దోస్తులు వెనక నుంచి ఒక చేత్తో కారును నెడుతూ, ఇంకో చెయ్యి గాల్లో ఆడించారు. బావ స్టీరింగు పట్టుకుని దర్జాగా నమస్కారాలు పెడుతూ పోయాడు. 54 గుర్రాల్లో ఒక్కటీ రాలేదు, దోస్తులు మాత్రం ఎనిమిదిమంది వచ్చారు. "కారు ఎంత సైలెంటుగ నడుస్తున్నది!" అని వియ్యంకుడు మెచ్చుకున్నాడు.

మర్నాడు పత్తి మార్కెట్ వైపు ట్రాక్టర్ల కరెంటు పని చేసే ఒక ఉస్తాద్‌ను తీసుకొచ్చారు. ఆయన ప్లస్సు ఎర్తు చూసి ఉలిక్కిపడలేదు. "మా నాయిన కాలంల ట్రాక్టర్లు గిట్లనే ఉంటుండె" అన్నాడు. చిన్న బల్బు పక్కన పెట్టి, హెడ్‌లైటు బల్బుకు రెండు వైర్లు కట్టాడు. ఒకటి పంపు కరెంటు మేకుకు, రెండోది ఇంజనుకు ఆనించాడు. భగ్గున వెలిగింది. రెండోదాన్ని ఇంజను నుంచి తీసి పంపు ఒంటికే ఆనించాడు. దీపం పొద్దుగూకిన రంగుకొచ్చింది. ఆ తర్వాత ఒక వైరు ముక్కతో పంపు ఒంటినీ బ్యాటరీ ప్లస్సునూ కలిపాడు. టిక్ టిక్ టిక్ టిక్. గిన్నె నిండింది, ఆగింది.

"కరెంటు వస్తున్నది సార్, పొయ్యే తొవ్వ లేదు" అంటూ పంపు ఎర్తు వైరును గోడకు బిగించిన మర విప్పాడు. కింద తళతళలాడే ఎర్ర రంగు. కారు తెచ్చిన కొత్తలో బావ ఒక షెడ్డులో పెయింటు వేయించాడు, వాళ్ళు శ్రద్ధగా ఆ మూలను కూడా వదల్లేదు. పెయింటు మీద వైరు బిగించారు. మర పళ్ళు ఎక్కడో కాస్త ఇనుమును కరిచినప్పుడు ఎర్తు, లేదంటే లేదు. గుంతలో పడితే అదురుకు ఇనుము తగిలేది. పానాతో కొట్టినా అంతే.

ఉస్తాద్ బ్లేడుతో రూపాయి బిళ్ళంత మేర పెయింటు గీకి ఇనుము తేల్చాడు. మర బిగించాడు. తాళం తిప్పితే పంపు కొట్టుకుంది, ఇంజను లేచింది. నున్నటి సీసీ రోడ్డు మీద అటు చివరికి పోయి తిరిగొచ్చాం, దగ్గు లేదు. ఆయన అడిగింది నూరు రూపాయలు. బావ ఐదు వందలు చేతిలో పెట్టి, సంతోషంగా బానెట్ రెక్క ఎత్తి ఆ చోటు చూశాడు. మొహం మారింది.

"ఏం ఉస్తాద్, కొత్త పెయింటు గట్ల గీకితివి? మచ్చ కనవడుతున్నది. ఇంట్ల డబ్బా ఉన్నది తియ్యి, పొయ్యి టచప్ కొడ్త."

ఉస్తాద్ బ్లేడు కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"కొట్టుండ్రి సార్. కొట్టేముందు నా నంబర్ రాసుకోండ్రి."