రెండు సెంటీమీటర్లు

నేను కూకట్‌పల్లిలో ఓ సీసీ రోడ్డు పలకను. కేపీహెచ్‌బీ కాలనీలో హాస్టళ్లు కిక్కిరిసిన ఒక సందులో ఉంటాను. నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, 200 మిల్లీమీటర్ల మందం. ఒంట్లో ఒక్క ఇనుప చువ్వ లేదు.

నన్ను పోసిన రోజు ఎదురింటి పెద్దాయన మేస్త్రీని నిలదీశాడు: "ఏమయ్యా, ఇంటి స్లాబుకే చువ్వలు కడతాం కదా, ఇంత బరువు మోసే రోడ్డుకు వెయ్యరా?"

"ఇంటి స్లాబు గాల్లో ఉంటది పెద్దయ్యా. ఇది నేల మీద పండుకుంటది. దీనికి మందమే బలం" అన్నాడు మేస్త్రీ.

నిజమే. చక్రం ఎక్కిన ప్రతిసారీ కంటికి ఆననంత వంగుతాను. ఎండకు కూడా వంగుతాను. మధ్యాహ్నం పైభాగం కాగి నడుము లేస్తుంది, తెల్లవారుజామున చల్లబడి మూలలు లేస్తాయి. ఆ లేచిన మూల మీదికి ట్యాంకర్ ఎక్కితే ప్రాణం పోయినంత పనవుతుంది. వేసవిలో మా సందుకు పగలూ రాత్రీ ట్యాంకర్లే. ఐదు వేల లీటర్లంటే నీళ్లే ఐదు టన్నులు.

నా పక్క పలకదీ నాదీ ఒకే పుట్టుక. ఒకే రెడీమిక్స్ లారీ, ఒకే వైబ్రేటర్. కాకపోతే దాని కింద పాత రోడ్డు దిబ్బ ఒకటి మిగిలిపోయింది. చెక్కాలంటే అరపూట పని. "రెండు సెంటీమీటర్లేగా, పోసెయ్యండి" అన్నారెవరో. పోసేశారు. మిగిలిన కాంక్రీటు పావు క్యూబిక్ మీటరు కూడా లేదు.

ఆ రెండు సెంటీమీటర్ల లెక్క కాంక్రీటు రోడ్ల డిజైనుకు వాడే ఐఆర్‌సీ 58 మార్గదర్శకాల్లో ఉంది. బరువు వల్ల పుట్టే ఒత్తిడి, పలక వంపు బలంలో సగం ఉంటే ఆ బరువును దాదాపు 7.6 లక్షల సార్లు మోయగలదు. మందం పదో వంతు తగ్గితే ఆ సగం (0.50) కాస్తా 0.60 దగ్గరికి చేరుతుంది. అప్పుడు మోయగలిగేది సుమారు 31 వేల సార్లే. మందంలో పోయింది పదో వంతు, ఆయుష్షులో పోయింది తొంభై శాతానికి పైగా. పొదుపంటే ఇదా?

అలాగని ప్రతి సందుకూ నా అంత మందం పొయ్యమనను. బైకులు, ఆటోలు తప్ప మరో బండి దూరని గల్లీకి 150 చాలు, అక్కడ 200 పోస్తే దుబారానే. సిమెంటులో కొంత ఫ్లైయాష్ కలిపినా ఖర్చు తగ్గుతుంది. ముందుగా చూడాల్సింది ఏ బండి వస్తుంది, ఎన్నిసార్లు వస్తుంది అన్నదే. తారు రోడ్డు మొదట చవక, కానీ నీళ్లు నిలిచే మా పల్లపు సందులో ప్రతి వానాకాలం తర్వాతా దానికి మళ్లీ డబ్బు కావాలి.

నన్ను నిలబెట్టిన ఖర్చులేని పని మరొకటుంది. మడులు కట్టి పద్నాలుగు రోజులు నీళ్లు నిలిపారు. మడి ఎండితే చాలు, వాచ్‌మన్ భార్య పైపు తెచ్చి నింపేది. ఎవరూ చెప్పలేదు ఆమెకు. నా గట్టితనంలో ఆ చేతి నీళ్లున్నాయి.

పక్క పలక మూల మూడో వేసవిలో చిట్లింది. వాన నీళ్లు లోపలికి దిగాయి. చక్రం పడ్డప్పుడల్లా పగులులోంచి బురద చిమ్మేది. కింద మట్టి జారి బోలైంది, మూల కుంగిపోయింది. బలం పరీక్షకు పోసిన కాంక్రీటు క్యూబులన్నీ పాసయ్యాయి కదా అని కాలనీవాళ్లు ఆశ్చర్యపోయారు. కాంక్రీటు గట్టిగానే ఉంది. దాని మందం ఎంతో క్యూబు చెప్పలేదు.

మొన్న దాన్ని బ్రేకర్‌తో పగలగొట్టారు. కొత్తగా వచ్చిన ఇంజినీరమ్మ విరిగిన అంచుకు టేపు ఆనించి "పద్దెనిమిది" అంది. తర్వాత నా అంచు నుంచి అవతలి పలక దాకా దారం లాగించి, దాని కింద అడుగడుక్కీ కొలిచింది. దిబ్బ దగ్గర ఆగింది.

"సాయంత్రమైతది మేడమ్" అన్నాడు మేస్త్రీ.

"కానీ. లారీని రేపు పిలుద్దాం."

గడ్డపార దిబ్బ మీద పడిన ప్రతి దెబ్బా నా అంచుకు తెలుస్తూనే ఉంది.