మడత పట్టి చూసేదాన్ని

నేను కాలిపర్‌ని. ఒంటి మీద చర్మాన్ని మడతగా పట్టుకుని, దాని కింద కొవ్వు ఎంత మందాన ఉందో చెప్పడం నా పని. విజయవాడలో బందరు రోడ్డుకు దగ్గర్లో, పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పే ఒక శిబిరంలో ఉంటాను. నా పెట్టెలోనే ఒక టేపు, ఒక పెన్ను ఉంటాయి. గోడకు ఎత్తు కొలిచే స్టాండు, దాని పక్కన బరువు మిషను.

మా వంశం ఇంగ్లండులోని హార్పెండెన్ ఊరిది. అక్కడి బాలల ఆశ్రమంలో 1948 నుంచి ఏళ్ల తరబడి పిల్లల ఎదుగుదలను కొలిచిన జేమ్స్ టానర్, తన సహచరుడు వైట్‌హౌస్‌తో కలిసి 1955లో మమ్మల్ని లోకానికి చూపించాడు. మడత పలచగా ఉన్నా, మందంగా ఉన్నా మా దవడలు నొక్కే బలం ఒక్కటే, చదరపు మిల్లీమీటరుకు 10 గ్రాములు. అందుకే ఈ నెల అంకెను మూడు నెలల తర్వాతి అంకె పక్కన పెట్టి చూడొచ్చు.

ఆట మొదలవకముందే కొలవాలి. పరిగెత్తి వచ్చిన ఒంటికి చెమట పట్టి మడత జారిపోతుంది, చర్మానికి నెత్తురు పోటెత్తి మందం మారుతుంది. మే నెల బెజవాడ ఎండలో అయితే చెప్పక్కర్లేదు. కాళ్ల కింద సన్నగా కరెంటు పంపి కొవ్వు శాతం చెప్పే మిషన్లు కూడా వచ్చాయి కానీ, ఒంట్లో నీరు తగ్గితే వాటి లెక్క తప్పుతుంది.

"ఏరా నాన్నా, చెయ్యి వదులుగా పెట్టు," అంటారు కోచ్ సారు. కుడి భుజం ఎముక చివర నుంచి మోచేతి ఎముక దాకా టేపు పెట్టి, సగం దూరం చూసి, జబ్బ వెనక గీత గీస్తారు. గీత దగ్గర బొటనవేలితో, చూపుడువేలితో కండను వదిలి చర్మాన్ని, దాని కింది కొవ్వును మాత్రమే పైకి లాగుతారు. వేళ్లకు ఒక సెంటీమీటరు కింద నన్ను పెట్టి, రెండు సెకన్లు ఆగి అంకె చదువుతారు. తర్వాత కాలు స్టూలు మీద పెట్టించి, పిక్క లోపలి వైపు అలాగే. ప్రతి చోటా కనీసం రెండుసార్లు. కితకితలకు నవ్వే పిల్లల్ని ఊపిరి వదలమని, నవ్వు ఆగాకే కొలుస్తారు.

జబ్బ దగ్గర 8 మిల్లీమీటర్లు, పిక్క దగ్గర 9 వచ్చాయనుకోండి. కూడితే 17. మగపిల్లలకైతే దాన్ని 0.735తో గుణించి 1 కలుపుతారు, కొవ్వు దాదాపు 13.5 శాతం. ఈ సూత్రం 1988లో అమెరికాలో స్లాటర్ బృందం కట్టింది. దాన్ని దివిసీమ పిల్లవాడికి యథాతథంగా అంటగట్టడం నాకు ఇష్టం ఉండదు. పుణె దగ్గరి పల్లెల్లో పుట్టిన బిడ్డల్ని సౌతాంప్టన్ బిడ్డలతో పోల్చి చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం 2003లో చెప్పిన మాట ఒకటి ఉంది. మన బిడ్డలు బరువులో బాగా తక్కువ, కండ పలచన, కానీ వీపు మీద రెక్క ఎముక కింది మడత మాత్రం అంతగా తగ్గలేదు. చూపుకు బక్కగా ఉన్నవాడిలోనూ కొవ్వు వాటా ఎక్కువ ఉండొచ్చన్నమాట. అందుకే శాతం కన్నా, అదే పిల్లవాడి పాత మిల్లీమీటర్లే నాకు నమ్మకం. మడత అంతే ఉండి బరువు పెరిగితే ఎముక, కండ పెరుగుతున్నాయని అర్థం. బరువు పెరగకుండా మడత పలచబడుతుంటే, ఆటకు సరిపడా తిండి అందుతోందా అని ఇంట్లో అడగాలి. అన్నం మీద పప్పుచారు మాత్రమే పోసుకుని తిని గ్రౌండుకు వచ్చే పిల్లలు మా దగ్గర చాలామందే. వాళ్లకో గుడ్డు, గుప్పెడు వేరుశనగలు, ఒక గ్లాసు పెరుగు ఎక్కడినుంచి అందుతాయన్న ప్రశ్న అంకెలన్నిటికన్నా ముందు రావాలి.

ఆడపిల్లల్ని మేడమ్ కొలుస్తారు, తలుపు వేసి, పక్కన ఇంకో అమ్మాయిని ఉంచుకుని. అంకెను పైకి చదవరు, రిజిస్టరులో రాస్తారంతే. బరువును అందరి ముందు అరిచి చెబితే అమ్మాయి అన్నం మానేస్తుంది, తర్వాత ఆటే మానేస్తుంది.

నా మనసుకు బాగా దగ్గరైన సంగతి ఎదుగుదల వేగం. మగపిల్లలు దాదాపు 14 ఏళ్లకు, ఆడపిల్లలు దాదాపు 12కు, కౌమారంలో అన్నిటికన్నా వేగంగా సాగుతారు. కొందరికి అది ఏడాది ముందొస్తుంది, కొందరికి ఏడాది వెనక. ఆ వేగంలో అబ్బాయి ఏడాదికి 9, 10 సెంటీమీటర్లు పెరగొచ్చు. ముందు కాళ్లు సాగుతాయి, తర్వాత మొండెం. నిన్నటిదాకా కాలికి అతుక్కున్న బంతి జారిపోతుంది, మోకాలి చిప్ప కింద నొప్పి మొదలవుతుంది. కూర్చోబెట్టి కూడా ఎత్తు కొలిచేది ఈ వేగాన్ని పట్టుకోవడానికే. ఆ నెలల్లో మా కోచ్ గెంతులు, పరుగులు తగ్గిస్తారు.

కానీ సెలక్షన్లు ఈ లెక్క చూడవు. అండర్-13 అంటే జనవరిలో పుట్టినవాడూ డిసెంబరులో పుట్టినవాడూ ఒకే వరసలో నిలబడాలి. ముందు పుట్టినవాళ్లు, ముందు ఎదిగినవాళ్లు ఎక్కువగా ఎంపికవుతారని లోకమంతటా తేలింది. "సైజు లేదు" అనిపించుకుని ఇంటికి వెళ్లేవాడిలో ఇంకా సాగాల్సిన ఎముక ఎంతో మిగిలి ఉంటుంది. వేరే దారులూ ఉన్నాయి. హైదరాబాదులో ఫుట్‌బాల్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ డ్రిబ్లింగ్ లేని పోటీలు, వాటం లేని కాలితోనే ఆడే పోటీలు పెట్టి కుర్రాళ్ల పనితనం పరీక్షించేవారు. ఆయన శిక్షణలోనే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనకు నాలుగో స్థానం, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణం. బెంగాల్లో పూర్వం వయసును కాక ఎత్తును చూసి టోర్నమెంట్లు పెట్టేవారు, కొన్నింటిలో నాలుగడుగుల పది అంగుళాలు దాటితే ప్రవేశం లేదు. ఇంగ్లండు అకాడమీలు ఇప్పుడు, పెద్దయ్యాక వచ్చే ఎత్తులో పిల్లవాడు ఎంత శాతం చేరాడో అంచనా వేసి, దాన్ని బట్టి కొన్నిసార్లు జట్లు కట్టి ఆడిస్తున్నాయి.

మా శిబిరంలోనూ కోచ్ సారు కొన్ని ఆదివారాలు పుట్టినరోజులు పక్కన పెట్టి, మా రిజిస్టరు తెరిచి, ఎదుగుదలలో దగ్గరగా ఉన్నవాళ్లను ఒకచోట చేరుస్తున్నారు. పొట్టివాళ్లకు బంతి ఎక్కువసేపు అందుతోంది. భుజంతో తోసి గెలవడానికి అలవాటుపడ్డ పొడుగు కుర్రాడు, తనంతవాడే అడ్డొచ్చేసరికి, తల ఎత్తి పాస్ కోసం చూస్తున్నాడు.